దొరసాని గాట్లు

ఫిబ్రవరి 9

ఈ రోజు దొరసాని పాన్‌ఫిలోని కరిచింది.

రాసి చూసుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు. నిక్కర్లు వేసుకునే వయసు నుంచి పాములు పడుతున్న మనిషి. ఈ అబ్రుజ్జో కొండల్లో ఏ గోడ సందులో ఏ పాము ఎప్పుడు నిద్ర లేస్తుందో ఆ పాముల కంటే మా ఆయనకే బాగా తెలుసు. పండగనాడు ఎవరి చేతిలోనైనా పాము అలజడి పడితే "పాన్‌ఫిలోకి ఇవ్వండి, పాన్‌ఫిలోకి ఇవ్వండి" అంటారు ఊళ్ళో. ఆ చేతినే కరిచింది.

పాము పెట్టె కడుగుదామని దాన్ని ఎత్తాడు. నేను నేలమాళిగ మెట్ల మీద బకెట్టు పట్టుకొని నిలబడ్డాను. మెడ వెనక్కి లాగి ఒక్క విసురు విసిరింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడింది. విషం లేని జాతి కాబట్టి ప్రాణానికేం భయం లేదు. సూదులతో గుచ్చినట్టు వరసగా చిన్న చిన్న చుక్కలు, అంత చిన్న చుక్కలకి ఎంత రక్తమో.

"పళ్ళున్నాయా అని అడిగాను, చూపించింది," అన్నాడు నవ్వుతూ.

పైకి మాత్రం రాలేదు. సూపు చల్లారిపోయినా ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.

ఫిబ్రవరి 10

తప్పు మాదే. దొరసాని ఈ నేలమాళిగలో ఉండాల్సిన పాము కాదు. పాత మిల్లు పైనున్న రాతిగోడలో ఉండాలి, ఈపాటికి చలికి ముడుచుకొని నిద్రపోతూ.

మార్చిలో పట్టు, ఇంట్లో పెట్టుకో, మే ఒకటిన పండగనాడు సాన్ దొమెనికో స్వామి విగ్రహం మెడలో వెయ్యి, ఆ సాయంత్రం పొద్దు వాలేలోగా పట్టిన రాయి దగ్గరే వదిలిపెట్టు. మా తాతల నాటి నుంచి ఇంతే. వదలని పాము ఇంటి మీద పగబడుతుందంటారు. పగా లేదు, పాడూ లేదు. కానీ పోయిన మేలో పాన్‌ఫిలో ఖాళీ సంచీ భుజాన వేసుకొని కొండెక్కి, ఖాళీ సంచీతోనే దిగాడు. దొరసాని ఇక్కడే ఉంది. అప్పటికే కాళ్ళు తడబడుతున్నాయి. వచ్చే ఏడు ఆ గోడ దాకా ఎక్కలేనని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. పెట్టెలో పరవడానికి పాత దుప్పటి చింపి ఇచ్చాను.

నేలమాళిగలో బాయిలర్ ఉంది. వెచ్చదనానికి దానికి చలికాలమంతా సరైన నిద్రే లేదు. నిద్ర లేని మనిషికే చిరాకు, పాముకు ఉండదా?

ఫిబ్రవరి 12

మళ్ళీ కరిచింది. ఈసారి దగ్గరగా చూశాను.

చేతిలోకి బాగానే వచ్చింది. మణికట్టు చుట్టూ తిరిగి, నాలుక ఆడించి, ఎప్పటి స్నేహంలాగే ఉంది. తోక చివర తెగిపోయి ఉంటుంది కదా, ఆ మొండి తోకతో ఆయన చొక్కా గుండీ మీద కొట్టింది కూడా. అప్పుడు చెయ్యి వణకడం మొదలైంది. దొరసాని ఆగిపోయింది. తల వెనక్కి పోయి మెడ వంకీ తిరిగింది. వణుకు ఆపుదామని ఆయన గుప్పిట బిగించాడు. అంతే.

దానికి చెవులు లేవు, ఒళ్ళంతా చెవే అని ఆయనే చెప్తుంటాడు. నిలబడ్డ నేల అదిరితే ఎవరు మాత్రం ఊరుకుంటారు.

కరవడం కాదు నన్ను భయపెట్టింది. ఆయన చెయ్యి లాక్కున్నాడు. కరిస్తే లాక్కోకండిరా, పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే తోలు చీరుకుపోతుంది, అదే వదిలేదాకా ఓర్చుకోండి అని ఊళ్ళో పిల్లలందరికీ నేర్పిన మనిషి. నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు. సబ్బుతో కడిగి స్పిరిట్ రాసి కట్టు కట్టాను.

"దానికి నేను గుర్తు లేను," అన్నాడు.

"గుర్తేంటయ్యా, అదేమన్నా మీ చెల్లెలా?" అన్నాను.

నవ్వలేదు.

ఫిబ్రవరి 15

ఈ రోజు వణుకు తక్కువ.

ఫిబ్రవరి 20

బెరార్దో వచ్చాడు. పాములు పట్టేవాళ్ళలో ఆయన తర్వాత వయసు అతనిదే. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని తిప్పుతున్నాడంటేనే ఏదో గొంతులో ఉందని తెలిసింది.

"అన్నా, ఈ ఏడు నువ్వు చర్చి గుమ్మం దగ్గర కుర్చీలో దర్జాగా కూర్చో. మొదటి పాము నేను వేస్తాలే. నువ్వు ఓసారి తాకి ఇస్తే చాలు."

"నేనేమన్నా పెళ్ళికొడుకునా, కుర్చీలో కూర్చోడానికి?"

"పెళ్ళికొడుకులు ఇంత మొండిగా ఉండరన్నా."

"నా పాము నేనే వేస్తా బెరార్దో. ఎక్కడ పట్టుకుంటానో, ఎలా ఎక్కుతానో నా గొడవ. మీ నాన్నలా సంచీ మేకుకి తగిలించేసి ఇంట్లో కూర్చోమంటావా?"

బెరార్దో మొహం మాడిపోయింది. ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. స్వామి మెడలో మొదటి పాము వేసేది పట్టేవాళ్ళలో పెద్దవాడు. ఆ పాము అందరి ముందూ ఆయన్నే కరిస్తే స్వామి చెయ్యి తీసేసుకున్నట్టు లెక్క. బెరార్దో వాళ్ళ నాన్నకు అదే జరిగింది, చెంప మీద. చర్చి గోడకున్న మేకుకి సంచీ తగిలించి ఇంటికెళ్ళినవాడు మళ్ళీ కూడలిలోకి రాలేదు, చచ్చిపోయి పెట్టెలో వచ్చేదాకా. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అదే ఆయన్ని తినేసింది.

బెరార్దో వెళ్ళాక పాన్‌ఫిలో తన చేతిని తొడ కింద పెట్టుకొని కూర్చున్నాడు. అది కనపడకపోతే లేనట్టే అని.

ఫిబ్రవరి 24

ఆయన్ని మార్చలేను. మందులు మార్చి మార్చి డాక్టరే అలిసిపోయాడు. ఇక మార్చగలిగితే దొరసానినే మార్చాలి.

ఆడపడుచు పాల్మీరా ఇంటికి లేసు అల్లడానికి వెళ్తున్నానని ఆయనకు చెప్పి, సందులోంచి తిరిగి వచ్చి వీధి తలుపు తీసుకొని నేలమాళిగలోకి వెళ్ళాను. లోపలి మెట్ల వైపు తలుపుకి గడియ పెట్టాను. ఇన్నేళ్ళ కాపురంలో పెట్టెలు కడిగాను, సంచులు కుట్టాను, గుడ్లు తెచ్చి పెట్టాను గానీ ఒక్క పామును ముట్టుకోలేదు. నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పెళ్ళికి ముందే చెప్పాను, "నీతో ఉంటాను, వాటితో ఉండను" అని.

ఉల్లిపాయ వాసన పోయేదాకా చేతులు కడిగి, వేడినీళ్ళ సీసాతో వెచ్చబెట్టుకున్నాను. పై నుంచి చెయ్యి పోనివ్వకూడదు, గద్ద దిగినట్టుంటుంది దానికి. పక్క నుంచి వెళ్ళాలి. తల పట్టకూడదు. ఒంటి బరువు రెండు చేతుల మీదా ఆనాలి. అన్నీ తెలుసు. తెలిసి ఏం లాభం, మూత తియ్యగానే బుస్సుమంది, కళ్ళు మూసుకొని చెయ్యి పెట్టేశాను.

మణికట్టు మీద కరిచింది. అరిచాను, లాక్కున్నాను, చీరుకుపోయింది. పైగా నా ఏప్రాన్ మీద కంపు వదిలింది. కనుబొమ్మల పట్టకారుతో తోలులోంచి ఒక పన్ను పీకాను. గోరు కొన అంత కూడా లేదు.

పైకొచ్చి పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకున్నాను. ఆయనకు చెప్పకపోవడమే మంచిది. చెప్తే, నువ్వు చేతకానివాడివని మొహం మీద అన్నట్టే.

ఫిబ్రవరి 25

మళ్ళీ. అరచెయ్యి.

ఫిబ్రవరి 27

మళ్ళీ. ఈసారి అరవలేదు. లాక్కున్నాను మాత్రం.

మార్చి 2

లాక్కోలేదు.

బొటనవేలి మొదట్లో పట్టింది. గోడ మీద తేమ మచ్చను చూస్తూ, బడిలో వంట చేసినన్నాళ్ళు ఏ రోజు ఏం వండేదాన్నో గుర్తు చేసుకున్నాను. సోమవారం శనగల సూపు. మంగళవారం పాస్తా. బుధవారం రాకముందే వదిలేసింది. కన్నీళ్ళు వచ్చాయి కానీ నొప్పికి కాదు, గర్వానికి. ఎవరికన్నా చెప్పుకుందామంటే ఎవరూ లేరు. పిల్లలుంటే ఒక ఫోన్ కొట్టేదాన్ని.

దొరసానికి కూడా కరవడం ఇష్టమేం లేదని అనిపించింది. వదిలాక అది కూడా పెట్టె మూలకు పోయి ముడుచుకుంది. భయపడేది నేనొక్కదాన్నే కాదు.

మార్చి 5

ఈ రోజు దొరసాని నా చేతుల్లో ఉండిపోయింది. చాలాసేపు. మోచేతి దాకా పాకింది. ఒళ్ళు పొడిగా, చల్లగా, బరువుగా ఉంది. జిగటగా ఉంటుందని ఇన్నాళ్ళూ ఎందుకనుకున్నానో.

దొరసానీ, మనిద్దరం గెలిచాం అన్నాను. అప్పుడు బుర్రలో బల్బు వెలిగింది. గెలిచిందేముంది? నావి నిలకడ చేతులు. స్వామి మెడలో వేసేది నా చేతులా?

ఆ క్షణమే చేతులు వణికించి చూశాను. ఆయన చేతులు ఎలా వణుకుతాయో అలా.

కరిచింది. రెండు సార్లు.

సరే. ఇప్పుడు పని ఏమిటో తెలిసింది.

మార్చి 7

వణకడం రాదు నాకు. నవ్వొస్తుంది గానీ నిజం. నేను వణికిస్తే చలికి వణికినట్టుంది. ఆయనది వేరు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి రొట్టె ముక్క నలుపుతున్నట్టుంటుంది, ఒకటే లయ. చెంచా పట్టుకోగానే కాస్త తగ్గి, ఒళ్ళో పెట్టుకోగానే ఎక్కువవుతుంది. ఎడమ చెయ్యి నయం.

సూపు తాగుతుంటే ఆ చేతినే చూస్తున్నాను.

"ఏం చూస్తున్నావే?"

"నీ అందం."

"ఆలస్యంగా కనపడింది," అన్నాడు.

పెళ్ళయిన కొత్తలో కూడా ఆ చేతుల్ని ఇంత చూడలేదు.

మార్చి 12

మందుల షాపులో ఇల్దే స్వెట్టర్ చెయ్యి ఎత్తి చూసింది. అడక్కుండా ఎత్తేసింది.

"ఇవేంటండీ?"

"పిల్లి."

"మీకు పిల్లి లేదుగా."

"పక్కింటిది."

"పక్కింటాయన పోయి రెండేళ్ళయింది."

"పిల్లి పోలేదు."

ధనుర్వాతం సూది వేయించుకునేదాకా వదల్లేదు. కాస్త చీము పట్టిన గాటు చూసి తిట్టింది. మంచి పిల్ల. నోరు ఆగదు కాబట్టి భయం.

మార్చి 15

దొరసాని కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. కుబుసం విడుస్తుంది. ఏమీ కనపడదు, అన్నిటికీ ఉలికిపడుతుంది. ముట్టుకోకూడదు. పండగ దగ్గరపడుతోంది, ఇది చూస్తే పండగ బట్టలు మార్చుకున్నంత తీరిగ్గా ఉంది.

మార్చి 16

ముట్టుకున్నాను. నాలుగు చోట్ల కరిచింది. నాకు బుద్ధి లేదు.

మార్చి 25

తల నుంచి మొండి తోక దాకా ఒక్క చినుగు లేకుండా కుబుసం వదిలింది. కోడిగుడ్డు మింగింది. నాలుగు నల్ల చారలూ కొత్తగా మెరుస్తున్నాయి.

ఒక రోజు ఆగి, ఎత్తి, వణికించాను. మెడ వెనక్కి పోయింది. ఆపలేదు నేను. అలాగే నలుపుతూ ఉన్నాను, లేని రొట్టె ముక్కను. మెడ వంకీ మెల్లగా విప్పుకుంది. తల దించి, నా వణికే బొటనవేలి మీద గడ్డం ఆనించింది.

సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది. ఎప్పటినుంచో ఈ మాట రాయలేదు.

మార్చి 30

లోపలి మెట్ల మీద బల్బు కాలిపోయింది. ఉండనీ. చీకట్లో అయితే ఆయన కిందికి దిగడు. ఫిబ్రవరిలో కరిచినప్పటినుంచి ఎలాగూ దిగడం లేదనుకో.

ఏప్రిల్ 3

"ఓసారి దొరసానిని చేతిలోకి తీసుకోరాదూ," అన్నాను మామూలుగా, ఉప్పు అందించినట్టు.

"పండగనాడు తీసుకుంటా."

"ముందే ఓసారి అలవాటు—"

"దానికి అలవాటు చెయ్యాలంటే నువ్వే చెయ్యి," అన్నాడు. తెలిసిపోయిందేమో అనుకున్నాను. కానీ ఊరికే అన్న మాటే. కిటికీలోంచి కొండ వైపు చూస్తున్నాడు. ఆయన మొహంలో ఉన్నది ఏమిటో నాకు వెంటనే తెలియలేదు, ఎప్పుడూ చూడలేదు కాబట్టి. భయం. పాన్‌ఫిలో పాముకు భయపడుతున్నాడు.

ఏప్రిల్ 5

పాల్మీరా రొట్టెల కొట్టు దగ్గర పట్టుకుంది.

"వదినా, నువ్వు రోజూ మా ఇంటికొచ్చి లేసు అల్లుతున్నావట. అన్నయ్య చెప్పాడు. ఏదీ, ఎంత అల్లావు?"

రొట్టెలు సంచీలో సర్దుకున్నాను.

"ఈ వయసులో ఎవరే వాడు?"

"పోస్టుమాను."

"వాడికి మోకాళ్ళు పనిచెయ్యవు."

"నాకు మాత్రం పనిచేస్తున్నాయా?"

పడీ పడీ నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది, సరిగ్గా గాటు మీదే. "అన్నయ్యని ఒక్కణ్ణే వదలకు వదినా. పైకి ఏదీ చెప్పడు." నాకు చెప్తోంది, నాకు తెలియనట్టు.

ఏప్రిల్ 9

పొయ్యి దగ్గర నిలబడి, పాలు కాగుతుంటే చెయ్యి అలవాటు చేసుకుంటున్నాను. ఇప్పుడు బాగా వస్తోంది. కుడిచేతి వేలూ బొటనవేలూ, అదే లయ, భుజం కాస్త ముందుకు, ఆయన వంగినట్టే. తల కూడా ఆయనలాగే కొద్దిగా వంచాను. అలా వంచితే వణుకు బాగా వస్తుంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఉన్నాడు.

ఎంతసేపటి నుంచి ఉన్నాడో. నా చేతిని చూశాడు. నా వంగిన భుజాన్ని చూశాడు. అరిచి ఉంటే బాగుండేది. కర్ర తీసుకొని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

పాలు పొంగిపోయాయి.

వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. ఏమని చెప్తాను? నిన్ను ఎక్కిరించడం లేదు, నీ పాము నిన్ను కరుస్తుందని నాకు నమ్మకం, అందుకని నీ వణుకు నేర్చుకుంటున్నాను అనా? ఏది తక్కువ అవమానం?

ఏప్రిల్ 10

ఈ రోజు వణుకు తక్కువ.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

గిన్నె తీసుకెళ్ళి ముందు గదిలో తలుపేసుకొని తింటున్నాడు. నా ముందు చెంచా ఎత్తడం లేదు. గిన్నె కడిగేటప్పుడు చూస్తే సగం సూపు అలాగే ఉంది, మిగతాది బల్ల మీద, చొక్కా మీద. తుడవబోతే చెయ్యి తోసేశాడు.

పండగ అయ్యాక చెప్తాను. మే ఒకటి సాయంత్రం, స్వామి మెడలో దొరసానిని వేసి ఇంటికొచ్చాక, వైను పోసి, స్వెట్టర్ చేతులు పైకి మడిచి చూపిస్తాను. ఇదిగోవయ్యా నీ అందం అంటాను. అప్పుడు నవ్వుతాడు. ఇంకెన్ని రోజులు గనక. ఓర్చుకుంటాను. ఆయన కోసమే కదా.

దొరసాని ఇప్పుడు నా వణుకులో నిద్రపోతోంది.

ఏప్రిల్ 17

నేను కింద ఉన్నాను.

ఏప్రిల్ 19

సుల్మోనా ఆసుపత్రి. వరండాలో కూర్చొని రాస్తున్నాను. పాల్మీరా లోపల ఉంది.

ఆయనకు స్పృహ లేదు. తల లోపల రక్తం గడ్డ కట్టిందట, ఈ వయసులో కోసి తియ్యడం కుదరదట. చేతులు దుప్పటి మీద పెట్టారు. ఆ చేతులు కదలడం లేదు. నర్సును అడిగితే, నిద్రలో ఈ జబ్బువాళ్ళకు వణుకు ఉండదమ్మా అంది. ఎంత నిలకడగా ఉన్నాయో. ఇన్నాళ్ళూ వణుకు తక్కువ, వణుకు తక్కువ అని ఈ పుస్తకంలో రాసింది నేనే. ఇదిగో, తగ్గింది.

ఏప్రిల్ 21

రాయాలి. లేకపోతే నా బుర్రలో అదే తిరుగుతోంది.

పదిహేడో తారీఖు మధ్యాహ్నం భోజనమయ్యాక లేసుకి వెళ్తున్నానని గుమ్మంలోంచి కేకేశాను. ఆయన పలకలేదు, ఆ మధ్య పలకడం లేదు. సందులోంచి తిరిగి నేలమాళిగలోకి వెళ్ళి, గడియ పెట్టి, దొరసానిని ఎత్తాను. అది నా మోచేతి మడతలో సర్దుకుంటుంటే లోపలి మెట్ల మీద కర్ర చప్పుడు వినపడింది.

నేను ఇంట్లో లేననుకొని వస్తున్నాడు. పండగకు ముందు ఎవరూ చూడకుండా ఒక్కసారి దొరసానిని పట్టుకొని చూసుకుందామని. తర్వాత చూస్తే భుజాన సంచీ ఉంది, నేను కుట్టిన సంచీయే. నేను చేస్తున్న పనే ఆయనా చెయ్యబోయాడు, నాకు తెలియకుండా.

నేను పలకలేదు. పలికితే తెలిసిపోతుందని ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. తలుపు తెరుచుకోకపోతే వెనక్కి పోతాడులే అనుకున్నాను. బల్బు లేదు. చీకటి. నేనే మార్చలేదు.

చప్పుడు వినపడింది. ఏదో బరువుగా తలుపుకి తగిలింది.

అప్పుడు నేనేం చేశానంటే, దొరసానిని పెట్టెలో పెట్టాను. మెల్లగా. ఉలిక్కిపడకుండా, రెండు చేతులా ఆనించి, తోక కూడా లోపలికి వెళ్ళేదాకా ఆగి, మూత వేశాను. ఆ తర్వాత గడియ తీశాను.

తల గోడకానుకొని పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను అక్కడెందుకున్నానని అడగలేదు.

"దొరసాని ఏది?"

"పెట్టెలో."

"మూత వేశావా?"

"వేశాను."

"మంచిది," అన్నాడు. తర్వాత మాట్లాడలేదు.

ఏప్రిల్ 23

ఈ రోజు చెప్పాను. పాల్మీరాని కాఫీకి పంపించి, స్వెట్టర్ చేతులు పైకి మడిచి, ఆయన వేళ్ళు పట్టుకొని ఒక్కొక్క గాటు మీదా పెట్టి చెప్పాను. ఇది మొదటిది, అరిచాను. ఇది లాక్కోనిది, శనగల సూపు. ఇది నీ వణుకు మొదటిసారి చేసినప్పటిది. నిన్ను ఎక్కిరించలేదు పాన్‌ఫిలో. పొయ్యి దగ్గర నిన్ను ఎక్కిరించలేదు.

వినలేదు. విన్నాడని రాసుకోవచ్చు, ఎవరు చూడొచ్చారు. వినలేదు.

ఏప్రిల్ 24

పోయాడు.

ఏప్రిల్ 27

నిన్న పాతిపెట్టాం. పాములు పట్టేవాళ్ళంతా వచ్చారు, ఈ రోజుల్లో వాళ్ళ ఇళ్ళల్లో పెట్టెలు నిండి ఉంటాయి కాబట్టి చేతులు బాగా కడుక్కొని వచ్చారు. సబ్బు వాసన.

ఈ రోజు బెరార్దో, పాల్మీరా మా ఇంట్లో కూర్చున్నారు. దొరసాని సంగతి నేను చెప్పేలోపే పాల్మీరా అంది, "పోయినేడు అన్నయ్య దాన్ని వదల్లేదని నాకు తెలుసు వదినా. ఖాళీ సంచీ నడకే వేరుగా ఉంటుంది."

"అన్న పామును నేను వేస్తాను," అన్నాడు బెరార్దో. "మొదటిదిగా. అన్న పేరు చెప్పి వేస్తా. చూపించు వదినా."

తీసుకెళ్ళి చూపించాను. మంచివాడే కానీ తొందర మనిషి, చేతికి కుక్క వాసన. పెట్టె మీదికి వంగి పైనుంచి చెయ్యి పెట్టాడు. చెంప మీద కరిచింది. వాళ్ళ నాన్నకు కరిచిన చోటే అని నేను అనలేదు. అతను లాక్కోలేదు, అది వదిలేదాకా ఓర్చుకున్నాడు. పాన్‌ఫిలో నేర్పిన పిల్లల్లో ఇతనూ ఒకడు.

"దీన్ని వదిలేద్దాం వదినా. దీన్ని ఇంకెవరూ పట్టలేరు."

నేను చేతులు వెచ్చబెట్టుకొని, పక్క నుంచి ఎత్తాను. వేలూ బొటనవేలూ కలిపి వణికించాను. దొరసాని నా చేతి మీద గడ్డం ఆనించింది. బెరార్దో నా స్వెట్టర్ జారిన చోట గాట్లను చూశాడు. కొత్తవీ, పాతవీ, పచ్చబడ్డవీ. అతనికి వివరించక్కర్లేదు, గాట్లు చదవగలడు. చెంప మీద రక్తం కారుతుంటే తుడుచుకోవడం మర్చిపోయి నా వేళ్ళనే చూశాడు.

"ఇది అన్న చెయ్యి," అన్నాడు.

"అవును."

"అన్నకి తెలుసా?"

పాల్మీరా ఏడవడం మొదలుపెట్టింది. నేను దొరసానిని పెట్టెలో పెట్టి మూత వేశాను.

మే 1

బ్యాండు వాళ్ళు పొద్దున్నే మొదలుపెట్టారు. మా ఇంట్లో చావు జరిగిందని, పాపం, తగ్గించి వాయించమని ఎవరో చెప్పారట, పాల్మీరా వెళ్ళి మామూలుగా వాయించమని తిట్టి వచ్చింది.

ఆయన బదులు మొదటి పాము వేసేది నేనే. ఇన్ని టపాసులూ, గంటలూ, జనం. ఇంత గొడవలో నేను కావాలని చెయ్యి వణికిస్తూ ఎలా నడవను, మర్చిపోతే ఎలా అని రాత్రంతా అదే దిగులు. మొదటి పాము కరిస్తే నాకేం కాదు. ఆయన పాము కరిచిందంటారు. పాన్‌ఫిలో పాము, పాన్‌ఫిలో పేరు మీద.

చేతులు కడిగాను. వేడినీళ్ళ సీసా పట్టుకున్నాను. మూత తీసి, పక్క నుంచి ఎత్తి, వేలూ బొటనవేలూ కలపబోయాను.

అప్పటికే వణుకుతున్నాయి. నేను ఏమీ చెయ్యడం లేదు. రెండు చేతులూ, మోచేతుల దాకా. ఆపుదామని చూశాను, ఆయన చూసినట్టే గుప్పిట బిగిద్దామనుకుని మానేశాను. అలాగే వీధిలోకి వచ్చాను.

జనం పక్కకు తప్పుకున్నారు. పాల్మీరా ఖాళీ సంచీ పట్టుకొని పక్కన నడిచింది. వెనక ఎవరో ఆడమనిషి, "అయ్యో, చేతులు చూడు, ఎలా వణికిపోతోందో, కరుస్తుందే తల్లీ," అనడం వినపడింది. దొరసాని నా వణుకులో నిద్రపోయినట్టు ఉంది. చర్చి మెట్ల దాకా తల ఎత్తలేదు.

బెరార్దో చెంప మీద పట్టీతో స్వామి పక్కన నిలబడి ఉన్నాడు. మెట్టు ఎక్కడానికి మోచెయ్యి అందించాడు. చేతులు పైకెత్తి స్వామి మెడ మీద పెట్టాను. దొరసాని ఒకసారి నాలుక ఆడించి, భుజం మీదుగా పాకి, స్వామి చేతికి చుట్టుకుంది. స్వామి కళ్ళ మీదికి పోలేదు. పోతే అపశకునం. పోలేదు.

పొద్దు వాలకముందే పాత మిల్లు పైకి ఎక్కాను. బెరార్దో కింద రోడ్డు మీద ఆగాడు. రాతిగోడ ఎండకు వెచ్చగా ఉంది. ఆయన చెప్పిన రాయి, అంజూరపు మొక్క మొలిచిన సందు. దొరసానిని దాని ముందు పెట్టాను. వెళ్ళలేదు. నా మణికట్టు మీదే ఉంది, నా చేతులు వణుకుతున్నాయి కాబట్టి అదే తన ఇల్లనుకుంది కాబోలు. వెళ్ళవే అన్నాను. ఆయన లేడే, ఇంక ఎవరి కోసమూ అక్కర్లేదు, వెళ్ళు అన్నాను. చివరికి నేనే వేళ్ళు ఒక్కొక్కటీ దాని కింద నుంచి తీసుకున్నాను. మొండి తోక సందులోకి పోయేదాకా చూసి దిగాను.

ఇంటికొచ్చి వైను రెండు గ్లాసుల్లో పోశాను. స్వెట్టర్ చేతులు పైకి మడిచాను.

లోపలి మెట్ల మీద బల్బు మార్చాను.

ఈ రోజు వణుకు ఎక్కువ. గాటు ఒక్కటీ పడలేదు.